టర్బో లేని టర్బో కారు

పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ. ఎమ్మిగనూరు పోలీస్ స్టేషన్ ముందుకు ఒక డీజిల్ జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. జీపు ఆగింది గానీ ఇంజను ఆగలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, అప్పుడే కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్న సరస్వతీబాయి ముఖాన గుప్పున పొగ కొట్టింది.

ఆమె గ్లాసు కింద పెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆదోనిలో ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి ఆమె. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక డిటెక్టివ్ పని పెట్టుకుంది. పరీక్షల్లో చీటీలు పట్టిన కళ్ళకు దొంగలను పట్టడం ఒక లెక్కా అని ఆమె ధీమా. ఆ ధీమా ఇంతవరకు ఆమెను నవ్వులపాలు చేయలేదు. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటోందంటే ఎవరికో మూడిందని మాత్రం ఆమె దగ్గర చదివినవాళ్ళందరికీ తెలుసు.

"ఏమప్పా హనుమంతరావూ, బండి ఆపినాక ఇంజను ఆపాలని ఎవరూ నేర్పలేదా నీకు?"

సఫారీ సూటు, నల్లద్దాలతో దిగిన హనుమంతరావుకు ఆదోనిలో సొంత డిటెక్టివ్ బ్యూరో ఉంది. నాలుగు పత్తి మిల్లులకు కాపలా మనుషులను పెట్టేదీ అతనే. సరస్వతీబాయి ఏ కేసు పట్టుకుంటే ఆ కేసులో అవతలి పక్షాన చేరడం అతనికి సరదా.

"బ్యాటరీ వీకు మేడమ్. రొంతసేపు తిరగనిస్తే చార్జి ఎక్కుతాది," అన్నాడు నవ్వుతూ. "ఆదోనిలో పదిన్నరకు బయల్దేరినా. ఇప్పుడు టైమెంత? ఇరవై ఎనిమిది నిమిషాలు! మీరొచ్చిన బస్సుకి గంట పైనే పట్టుంటాది."

"గంటా అయిదు నిమిషాలు. కాకపోతే మా డ్రైవరు ఎవరి కాఫీలోనూ పొగ పోయలేదు."

హనుమంతరావు ఇంకా కాసేపు రోడ్డు మీద తాను దాటి వచ్చిన లారీల లెక్క చెప్పాడు. తర్వాత జీపులోకి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజను ఆపి లోపలికి నడిచాడు. సరస్వతీబాయి కాఫీ పారబోసి అతని వెనకే వెళ్ళింది.

గొడవంతా ఒక కారు గురించి. ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు ఉన్న ఈరప్ప ఏడాది కిందట ఢిల్లీలో ఏదో ఎంబసీ వాళ్ళు వేలం వేసిన విదేశీ డీజిల్ కారు కొన్నాడు. ఏడుగురు కూర్చునే పొడుగాటి కుటుంబం కారు. వెనక తలుపు మీద 'టర్బో' అని వెండి అక్షరాలు. దాన్ని ఇప్పుడు అమ్ముతానంటే, ఎమ్మిగనూరులో మగ్గాల మీద చీరలు నేయించే లక్ష్మప్ప కొంటానన్నాడు. కొనేముందు నమ్మకమైన మెకానిక్ హుసేనప్ప చేత చూపించుకుంటానని షరతు పెట్టాడు. మంగళవారం కారు హుసేనప్ప షెడ్డుకు వచ్చింది. సాయంత్రానికి హుసేనప్ప బానెట్ ఎత్తి చూపించి, దీంట్లో టర్బోనే లేదన్నాడు. మా మిల్లు నుంచి పోయేటప్పుడు ఉండిందే అన్నాడు ఈరప్ప. బుధవారం సాయంత్రం హుసేనప్పను స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఈరప్ప తరఫున కేసు నడిపిస్తున్నది, అతని మిల్లుకు కాపలా పెట్టే హనుమంతరావే. ఇవాళ గురువారం.

"నేను చూపించుకోకపోతే వానికి ఈ తిప్పలు ఉండేవి కాదు గదమ్మా," అని నిన్న రాత్రి నుంచి లక్ష్మప్ప తల పట్టుకుని కూర్చున్నాడు. సరస్వతీబాయిని పిలిపించిందీ అతనే. ఇప్పుడు స్టేషన్ గోడకు ఆనుకుని తనే ముద్దాయి అయినట్టు నిలబడి ఉన్నాడు.

సబ్ ఇన్‌స్పెక్టర్ దేవేంద్రప్ప ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఎనిమిదో తరగతిలో గాలి ఒత్తిడి పాఠం అప్పజెప్పలేక ఆమె క్లాసులో వారం రోజులు బెంచీ ఎక్కిన విద్యార్థి అతను. యూనిఫారం వేసుకున్నా ఆ వారం అతనికి గుర్తుంది.

"నాలుక్కి హుసేనప్పను కోర్టుకు పంపల్ల టీచర్. అంతకు మించి ఆగలేను," అన్నాడు.

"నాలుగు చాలు. ముందు వాణ్ణి మాట్లాడించనీ."

హనుమంతరావు గట్టిగా నవ్వాడు. "ఏమి మాట్లాడిస్తారు మేడమ్? కారు పదకొండు నుంచి నాలుగు దాకా వాని షెడ్డులో ఒంటరిగా ఉండాది. అయిదు గంటలు! టర్బో ఏం దేవుడు ఎత్తుకపోయినాడా?"

"లేదు, మనిషే ఎత్తుకపోయినాడు. ఏ మనిషో చూస్తాను," అంది ఆమె.

లాకప్ ఊచల వెనక హుసేనప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్ళవాడు. గోళ్ళ సందుల్లోని గ్రీసు ఏ సబ్బుకూ లొంగేది కాదు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"కారు చూసేదానికి అయిదు గంటలు ఎందుకు పట్టిందప్పా?" అని సూటిగా అడిగింది ఆమె.

"పాత కారు గదమ్మా. గంటలో చూసేవాడు చూడనట్టే. వచ్చిన ఎంటనే ముట్టుకోలేదు, రెండు గంటలు సల్లారనిచ్చినా. ఉడుకు ఇంజను ఎట్లయినా స్టార్ట్ అయితాది, రోగం సెప్పేది సల్లటి ఇంజనే. మల్ల స్టార్ట్ చేసి పొగ సూసినా. నీలంగా వస్తే ఆయిలు కాలతాందని, తెల్లగా వస్తానే ఉంటే నీళ్ళు లోపలికి పోతాండాయని. ఈ కారుకి రెండూ లేవు. రేడియేటర్ మూత తీసి నీళ్ళ మీద ఆయిలు తేలతాందేమో సూసినా. తలుపుల అడుగున వేలు పెట్టి తుప్పు సూసినా. అన్నీ బాగుండాయి."

"తర్వాత?"

"మంత్రాలయం రోడ్డు మిట్ట మీదికి తోలినా. టర్బో కారంటే ఎట్లుండల్ల? ఎక్స్‌లేటర్ తొక్కితే రొంత ఆలోచన చేసి, మల్ల ఎవరో ఎనకనుంచి తోసినట్టు పోవల్ల. సన్నగా ఈల ఇనపడల్ల. ఇది మిట్ట ఎక్కలేక మూలిగింది. అప్పుడు బానెట్ ఎత్తినా. టర్బో ఉండల్సిన తావులో ఎవరో కొలిమిలో వంచిన ఇనప గొట్టం పెట్టి బిగించినారు."

"టర్బో ఎట్లుంటుందో నీకెట్ల తెలుసు?"

"బళ్ళారిలో గనుల లారీలు రిపేరు చేసే షెడ్డులో ఆరేండ్లు పనిచేసినా. నత్తగుల్ల మాదిరి ఉంటాది. పోయే పొగతోనే దాన్లో ఒగ సన్న ఫ్యాను తిరుగుతాది. ఆ ఫ్యాను బయట గాలిని ఇంజనులోకి కుక్కుతాది. గాలి జాస్తి పోతే బలం జాస్తి."

సరస్వతీబాయి వెనక్కి తిరిగి, "విన్నావా దేవేంద్రప్పా? నీకు వారం రోజులు చెప్పినా రాని పాఠం," అంది. దేవేంద్రప్ప కాగితాలు సర్దుకున్నాడు.

హుసేనప్ప ఊచలు పట్టుకున్నాడు. "అమ్మా, నన్ను జైలుకి పంపినా పంపనీ. దొంగ మెకానిక్ అని పేరు పడితే రేపు నా చేతికి తాళంచెవి ఎవడిస్తాడు? ఇరవై రెండేండ్లుగా ఊర్లో బండ్లన్నీ నా కాడనే ఇడిచిపెట్టి పోతారమ్మా. ఒగ నట్టు మార్చినా పాత నట్టు చేతిలో పెట్టి సూపిస్తా."

ఆ మాటకు సరస్వతీబాయికి తన బడి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ పాటు తల్లిదండ్రులు ఆమెనూ అలాగే నమ్మి పిల్లలను వదిలి వెళ్ళారు. ఆమె కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంది గానీ ఈసారి కోపంతో కాదు.

పదకొండూ నలభైకి అందరూ స్టేషన్ పెరట్లో ఉన్న కారు దగ్గరికి వెళ్ళారు. లక్ష్మప్ప బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. సరస్వతీబాయి చీర కుచ్చెళ్ళు దోపుకుని లోపలికి వంగింది. కొలిమిలో వంచిన గొట్టం కనిపించింది. దానికి రెండు వైపులా క్లాంపులు. క్లాంపుల చుట్టూ కారిన ఆయిలు మీద దుమ్మూ దూదీ పట్టి అరంగుళం మందాన అట్టకట్టి ఉంది. ఆమె జడపిన్నుతో ఆ అట్టను పెకలించి అరచేతిలో వేసుకుంది.

"ఇది అయిదు గంటల్లో పట్టే మురికా? నెలలు పడుతుంది. పైగా దీంట్లో దూది ఉంది."

"ఎమ్మిగనూరులో దూదికేం తక్కువ మేడమ్? ఇంటికో మగ్గం," అన్నాడు హనుమంతరావు.

"మగ్గాల దగ్గర ఎగిరేది నూలు పీచు. దీంట్లో పత్తిగింజ పొట్టు ఉంది, చూడు. గింజ తీసే మిల్లులో తప్ప ఈ పొట్టు యాడా ఎగరదు. ఈ గొట్టం ఈరప్ప మిల్లులోనే బిగించినారు."

దేవేంద్రప్ప ముఖం కొంచెం తేటపడింది. హనుమంతరావు మాత్రం తొణకలేదు. తీరిగ్గా నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"భలే చెప్పినారు. హుసేనప్ప షెడ్డు ఎనకాల పాత సామాన్ల గుట్ట ఉండాది. దాంట్లో సగం ఆదోని మిల్లు లారీల సామాన్లే. ఆ పాత గొట్టం, పాత క్లాంపులు తీసి బిగించినాడు. మురికి గొట్టంతో పాటే వచ్చె. ఏం సార్, అయితాదా కాదా?"

"అయితాది," అన్నాడు దేవేంద్రప్ప నీరసంగా.

సరస్వతీబాయికి ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ మాటలో తప్పు లేదు. ఎదుటివాడు తెలివైనవాడని ఒప్పుకోవడం ఆమెకు వేపాకు నమిలినట్టు ఉంటుంది. ఆమె కారు ముందు సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు అర తెరిచింది. లోపల కారుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఉంది. కారు కొనేవాళ్ళు టైర్లు తన్ని చూస్తారు, హారన్ కొట్టి చూస్తారు, ఈ పుస్తకం జోలికి ఎవరూ పోరు. ఆమె మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

మొదటి పేజీలో ఎంబసీ గుమాస్తా ఎవరో ఇంజను నంబరు, దాని కింద టర్బో నంబరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాడు. ఆమె రెండూ తన నోటుబుక్కులో ఎక్కించుకుంది. ఇరవై మూడో పేజీలో ఎర్ర గీతల మధ్య నాలుగు వాక్యాలు ఉన్నాయి. వాటిని మూడుసార్లు చదివి, బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి పుస్తకం మూసింది.

"దేవేంద్రప్పా, ఈ పుస్తకం నా దగ్గర ఉండనీ. లక్ష్మప్పా, ఆదోనికి బస్సు ఎప్పుడు?"

"పన్నెండూ పదిహేనుకి ఒగటి ఉండాదమ్మా."

"నేనూ ఆదోనికే మేడమ్. ఈరప్ప సంతకం పెట్టిన కంప్లయింటు తెచ్చేది ఉండాది. మీరొచ్చేలోగా నేనొస్తాలే," అని హనుమంతరావు జీపెక్కాడు. తాళం తిప్పీ తిప్పగానే జీపు బయల్దేరి కనుమరుగైంది.

ఒంటిగంటన్నరకు సరస్వతీబాయి, లక్ష్మప్పను వెంటబెట్టుకుని వచ్చి, ఈరప్ప మిల్లు గేటు ఎదురుగా తాయమ్మ కాఫీ కొట్టులో బల్ల మీద కూర్చుని ఉంది. మిల్లులోకి వెళ్ళలేదు. మిల్లులో వాళ్ళు మిల్లు మాటే చెబుతారు. గేటుకు ఎదురుగా కొట్టు పెట్టినవాళ్ళు చూసింది చెబుతారు. తాయమ్మ పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది, పైగా ఎవరైనా అడగాలే గానీ చెప్పడానికి తెగ ముచ్చటపడుతుంది.

"ఆ పొడుగు కారా? తెలీకేం. కొత్తలో నాకు ఎంత తిక్క వచ్చేదో! జయన్న తోలుకోనొచ్చి ఈడనే నిలుపుతాడు. నిలిపి దిగడు. ఇంజను ఆపడు. గుర్రుమని కారు తిరగతానే ఉంటాది. కాఫీ గిరాకీలంతా పొగకి లేసిపోయేది. ఏందప్పా నీ కారు నిలబడి జపం చేస్తాండాదా అంటి. నవ్వేవాడు."

సరస్వతీబాయి ముందుకు వంగింది. "ఎంతసేపు తిరిగేది?"

"నేను వానికి కాఫీ కలిపి, చల్లార్చి, గ్లాసులో పోసి ఇచ్చేంత సేపు. గ్లాసు చేతికి ఇచ్చినప్పుడే ఆపేది. దినామూ అంతే."

"ఇప్పుడూ అంతేనా?"

తాయమ్మ గరిటె పట్టుకుని ఆలోచించింది. "లేదే! మానుకునె. ఉగాదికి నాలుగు దినాల ముందు కారు మూడు దినాలు బయటికి రాలేదు. మల్ల వచ్చినప్పటి సంది నిలపతానే ఆపేస్తాండాడు. నేనే అంటి, పండగ పూట నీకు బుద్ధి వచ్చిందప్పా అని. పాపం, మొగం సిన్నబుచ్చుకునె."

ఉగాది దాటి మూడు నెలలైంది. సరస్వతీబాయి లేచి రెండో కాఫీ కూడా తాగుతానంది. ఆమెకు సంతోషం వస్తే రెండో కాఫీ తాగుతుంది. ఇవాళ పొగ పాలైన కాఫీ కూడా వసూలైపోయింది.

జయన్న ఈరప్ప డ్రైవరు. పాతికేళ్ళు దాటినవాడు, మనిషి నెమ్మది. లక్ష్మప్ప వెళ్ళి పిలిస్తే గేటు దాటి వచ్చాడు గానీ ఆమెను చూడగానే అడుగు వెనక్కి వేశాడు.

"కూర్చో జయన్నా. మంగళవారం కారును హుసేనప్ప షెడ్డుకు నువ్వే తోలినావు కదా. అప్పుడు టర్బో ఉండిందా?"

"ఉండె మేడమ్."

"షెడ్డు ముందర నిలిపినాక ఎంతసేపటికి ఇంజను ఆపినావు?"

"ఎంతసేపేంది? నిలిపినా, ఆపినా."

"మరి ఉగాదికి ముందు తాయమ్మ కొట్టు ముందర ఎంతసేపు తిప్పేవాడివి?"

జయన్న తాయమ్మ వైపు చూశాడు. ఆమె గ్లాసులు కడుగుతూ చెవులు మాత్రం ఇటే వేసింది.

సరస్వతీబాయి సంచిలోంచి పుస్తకం తీసి ఇరవై మూడో పేజీ తెరిచింది. "నేను తెలుగులో చెబుతా, విను. పరుగెత్తి వచ్చిన టర్బో నిప్పులా కాగి ఉంటుంది. వెంటనే ఇంజను ఆపితే దానికి ఆయిలు అందక మాడిపోతుంది. అందుకని బండి నిలిపినాక రెండు నిమిషాలు ఇంజను ఊరికే తిరగనిచ్చి, తర్వాతే ఆపాలి. ఢిల్లీ నుంచి కారు తెచ్చిన మనిషి నీకు ఇది నేర్పినాడు. నువ్వు బుద్ధిగా తొమ్మిది నెలలు పాటించినావు. ఉగాది నుంచి మానేసినావు. టర్బో ఉంటే మానేవాడివి కాదప్పా. నువ్వు మంచి డ్రైవరువి."

ఆ ఆఖరి మాటకే జయన్న కరిగిపోయాడు. తిట్టి ఉంటే బొంకేవాడేమో. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నేను అమ్ముకోలేదు మేడమ్. మిల్లు డీజిలు రెండు క్యాన్లు నేను ఇంటికి తీసకపోతాంటే ఒగాయన పట్టుకున్నాడు. ఈరప్పకు సెప్పకుండా ఉండల్లంటే ఆ టర్బో ఊడదీసి ఇయ్యి, నెలరోజులు వాడుకోని ఇస్తానన్నాడు. గొట్టం గూడా ఆయనే వంచి తెచ్చె. నెల మూడు నెలలాయె. ఈలోగా మా ఓనరు కారు అమ్ముతాననె."

"ఎవరాయన?"

"ఆ పేరు నా నోటెంట రాదు మేడమ్. ఆయన మనుషుల్ని లోపలేపిచ్చే రకం."

"పేరు వద్దులే. ఉగాదికే టర్బో పోయిందని చెబితే హుసేనప్ప బయటికి వస్తాడు. నీ తప్పుకు వాడు లాకప్పులో కూర్చున్నాడు జయన్నా. వస్తావా, రావా?"

జయన్న భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "వస్తా," అన్నాడు.

రెండూ ఇరవైకి ఎమ్మిగనూరు బస్సు కదిలింది. సగం దారిలో వెనకనుంచి హారన్ మోగింది. హనుమంతరావు జీపు బస్సును దాటుకుని, ఎత్తు మీదికి కూడా ఏమాత్రం తగ్గకుండా దూసుకుపోయింది. దాటుతున్నప్పుడు కిటికీ పక్కన కూర్చున్న సరస్వతీబాయి చెవికి, జీపు రొదలో కలిసి, సన్నటి ఈల ఒకటి వినిపించింది.

ఆమె జయన్న వైపు చూసింది. జయన్న తల పూర్తిగా వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

పొద్దున కాఫీలో పడిన పొగ ఆమెకు గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిది నిమిషాలు గుర్తొచ్చాయి. "ఎంత మొద్దునే!" అని పైకే అనేసింది. లక్ష్మప్ప ఏమైందమ్మా అని కంగారుపడ్డాడు. ఆమె బస్సులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వింది.

బస్సు దిగాక ఆమె చేసిన మొదటి పని, తన చేతిసంచిని బస్టాండు పండ్లకొట్టులో ఇచ్చి, "ఎవరైనా వచ్చి అడిగితే ఇవ్వప్పా," అని చెప్పడం. పుస్తకం మాత్రం కొంగు చాటున చంకలో పెట్టుకుంది. జయన్నను స్టేషన్ పక్క సందులో లక్ష్మప్పకు అప్పజెప్పి, మూడూ నలభైకి తానొక్కతే మెట్లెక్కింది.

హనుమంతరావు అప్పటికే కంప్లయింటు కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "ఏం మేడమ్, ఒట్టి చేతులతోనే వచ్చినారు?"

ఆమె చేతుల వైపు చూసుకుని నొచ్చుకున్నట్టు ముఖం పెట్టింది. "అయ్యో, నా సంచి! బస్టాండు పండ్లకొట్టులో మర్చిపోయినా. నా సాక్ష్యాలన్నీ దాంట్లోనే ఉన్నాయే! ఇప్పుడు నడిచి పోయి వచ్చేలోగా నాలుగు దాటుతుంది."

సాక్ష్యాలన్న మాట వినగానే హనుమంతరావు కుర్చీలోంచి లేచాడు. సాయం చేసేవాడి నవ్వు ఒకటి తెచ్చిపెట్టుకున్నాడు. "జీపు ఉండగా మీరు నడిచేదేంది మేడమ్? రెండు నిమిషాల్లో తెస్తా."

జీపు తాళం తిప్పగానే అందుకుంది. అది సందు తిరిగాక సరస్వతీబాయి దేవేంద్రప్పను వరండాలోకి లాక్కొచ్చి, అతని మణికట్టు పట్టి గడియారం ముఖం ముందు పెట్టింది.

"వాడు తిరిగొచ్చి బండి నిలిపిన క్షణం నుంచి టైము చూడు. మాట్లాడకు."

"ఎందుకు టీచర్?"

"మాట్లాడకు అన్నానా."

ఆరు నిమిషాలకు జీపు వచ్చి ఆగింది. ఇంజను ఆగలేదు. హనుమంతరావు దిగి సంచి ఆమె చేతికిచ్చాడు. సంచిలో కళ్ళజోడు పెట్టె, రెండు అరటిపళ్ళు తప్ప ఏమీ లేవని దారిలో చూసుకున్నట్టున్నాడు, ముఖం వెలిగిపోతోంది. దారిలో తప్పించుకున్న ఎద్దులబండి గురించి చెప్పాడు. మేడమ్ వయసు గురించి, మతిమరుపు గురించి రెండు ఛలోక్తులు వేశాడు. మాట్లాడుతూనే, గడియారం వైపు చూడకుండానే, జీపులోకి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు.

"ఎంత?" అంది సరస్వతీబాయి.

"రెండు నిమిషాల అయిదు సెకండ్లు," అన్నాడు దేవేంద్రప్ప.

"బ్యాటరీ వీకు కదా, హనుమంతరావూ?"

"అవును మేడమ్, పొద్దున్నే చెప్తి గదా."

"దేవేంద్రప్పా, ఆ తాళం తిప్పు."

దేవేంద్రప్ప తిప్పాడు. జీపు మొదటి దెబ్బకే గుర్రుమంది. ఏ బ్యాటరీ వీకో అందరూ విన్నారు. హనుమంతరావు నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇప్పుడు ఎక్స్‌లేటర్ గట్టిగా తొక్కు. లోపలున్న హుసేనప్పను కూడా బయటికి పిలిపించు, విననీ."

కానిస్టేబుల్ హుసేనప్పను వరండాలోకి తెచ్చాడు. జీపు రొద పెరిగింది. ఆ రొద మీద సన్నటి ఈల లేచింది. హుసేనప్ప చేతులు కట్టుకుని నిలబడినవాడల్లా ఉలిక్కిపడి తల ఎత్తాడు.

"టర్బో! సార్, అది టర్బో!"

"నాన్సెన్స్!" అని హనుమంతరావు బానెట్‌కు అడ్డం వెళ్ళాడు. సందులోంచి అప్పుడే లక్ష్మప్పతో వచ్చిన జయన్న అతన్ని చూసి ఆగిపోయాడు. తర్వాత హుసేనప్ప వైపు చూశాడు. ఆ చూపుతో అతని భయమేదో తెగిపోయినట్టుంది.

"అడ్డం తప్పుకోండి సార్. నేను ఊడదీసి ఇచ్చింది మీకే గదా. ఉగాదికి మూడు దినాల ముందు, మిల్లు ఎనక షెడ్డులో," అన్నాడు.

దేవేంద్రప్ప బానెట్ ఎత్తాడు. మామూలు జీపు ఇంజను పక్కన, దానికి ఏమాత్రం సంబంధం లేని నత్తగుల్ల ఆకారం ఒకటి, అతుకుల గొట్టాలతో బిగించి ఉంది. హుసేనప్ప గుడ్డపేలిక తీసుకుని, చెయ్యి కాలకుండా దాని మీద మురికి తుడిచాడు. చిన్న పలక మీద అంకెలు బయటపడ్డాయి. సరస్వతీబాయి పుస్తకం మొదటి పేజీ తెరిచి ఒక్కో అంకె చదివింది. దేవేంద్రప్ప పలక మీద ఒక్కో అంకె చూసి ఔనన్నాడు. పదో అంకె దాకా ఒక్కటీ తప్పలేదు.

"అక్కడ కారుకు టర్బో లేదు, ఇక్కడ జీపుకు ఉంది. కేసు పెట్టించింది నువ్వే, మాలు దాచింది నువ్వే. కారు అమ్ముడుపోతుంటే ఎవడో ఒకడి మీద పడెయ్యాలి కదా, హుసేనప్ప దొరికినాడు నీకు," అంది సరస్వతీబాయి. "పొద్దున నా కాఫీ చెడగొట్టకపోయుంటే ఇంకో రోజు బతికిపోయేవాడివి."

"ఈరప్పకు ఫోన్ చేయనీండి," అన్నాడు హనుమంతరావు.

"చేద్దురుగాని సార్. లోపలికి రాండి. తావు ఇప్పుడే ఖాళీ అయింది," అన్నాడు దేవేంద్రప్ప, లాకప్ వైపు చూపిస్తూ. తన మాటకు తనే ముచ్చటపడి టీచర్ వైపు చూశాడు. ఆమె బాగుందన్నట్టు తలూపింది. ఎనిమిదో తరగతి తర్వాత అతనికి ఆమె దగ్గర దొరికిన మొదటి మార్కు అదే.

లక్ష్మప్ప హుసేనప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. జేబులోంచి తన స్కూటర్ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున షెడ్డు తీస్తానే మొదట నా బండి సూడు. బ్రేకు పట్టల్యా," అన్నాడు. స్కూటర్ బ్రేకు బాగానే ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. హుసేనప్ప ఆ తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకుని తల తిప్పుకున్నాడు.

జీపు ఇంకా గుర్రుమంటూనే ఉంది. దేవేంద్రప్ప విసుగ్గా లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పబోయాడు.

"వద్దు సార్!" హుసేనప్ప ఒక్క అంగలో వెళ్ళి ఎస్సై చెయ్యి పట్టుకున్నాడు. నిన్నటి నుంచి అతన్ని దొంగ అన్న చెయ్యి అది. "ఇంత గట్టిగా తొక్కితిరి, ఉడుకుగా ఉంటాది. రొంతసేపు ఊరికే తిరగనీండి. మంచి సామాను సార్, మాడిపోతాది."

దేవేంద్రప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఆ పొగలోనే నిలబడి, హుసేనప్ప ఇక చాలు అనేదాకా ఎదురుచూశారు.